మామ చూడని పువ్వు

మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు కదిలేసరికి తొమ్మిది దాటింది. అప్పటికే ఎండ కిటికీ ఊచల్ని కాలుస్తోంది. మామ చంకలో మడత పెట్టిన రెండు ఖాళీ గోనెసంచులు. అక్క ఒళ్లో బట్ట చుట్టిన ఊరగాయ సీసా. అక్క కుప్పం కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంది. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉండి తిరిగి వెళుతోంది. మామది మదనపల్లెలో నన్నారి షర్బత్ అంగడి. కొమ్ములు దంచి, మరిగించి, పాకం పట్టి, సీసాల్లో పోసి అమ్మడం ముప్పై ఏళ్లుగా ఆయనకు తెలిసిన పని. కొమ్ములు కొనడానికే కుప్పం వస్తున్నాడు. ముగ్గురు కూర్చునే సీటులో ఇద్దరి మధ్యా నేను. దారి పొడవునా సాగిన వాళ్ల వాదన విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాకు తోచింది అక్కడక్కడా చేరుస్తాను.

ఆ కొమ్ముల సంగతి ముందు కొంత చెప్పాలి. నన్నారి అంటే చాలామంది సుగంధిపాల అనుకుంటారు. సుగంధిపాల చేను గట్ల మీద పాకే సన్నని తీగ. ఆకు నడుమ తెల్లచార, పుల్లలాంటి వేరు. సీమ అంగళ్లలో దుంగల్లా కట్టలు కట్టి ఉండేది, పొయ్యి మీద ఎక్కువగా మరిగేది వేరే మొక్క. కొండబండల సందుల్లో పుట్టి పక్క చెట్ల మీదికి అల్లుకునే పొద అది. దాని వేర్లనే మారేడు కొమ్ములు, మారేడు గడ్డలు, నన్నారి కొమ్ములు అని ఊరికో తీరుగా పిలుస్తారు. శివుడి పూజకు పెట్టే మారేడుతో దీనికి చుట్టరికం ఏమీ లేదు. రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు 1834లో దీన్ని డెకాలెపిస్ హామిల్టోనియై అని గ్రంథస్థం చేశారు. దక్షిణ భారతంలోని కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది తనంతట తాను మొలవదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్ర జాబితాలో దీని పేరు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న వాటి వరసలో ఉంది.

ఊరు దాటగానే మామ మొదలుపెట్టాడు.

మామ: రాత్రి నువ్వనిన మాట నాకు నిద్ర పట్టనీలేదమ్మా. నీ లెక్కన నా అంగడి మూసేయాల్నా?

అక్క: అంగడి మూయమని నేను అన్లేదు మామా. ఈ సంచులు నింపుకొని రావద్దంటా ఉండా.

మామ: రెండూ ఒకటే. కొమ్ము లేకుండా నన్నారేంది? రంగునీళ్లలో ఎసెన్సు పోసి అమ్మేవాళ్లు ఉండారు. మా నాయన మీద ఒట్టు, ఆ పని నా చేత కాదు.

అక్క: ఒకటి అడుగుతా, చెప్పు. నువ్వు అంగడి పెట్టినప్పుడు కొమ్ములు యాడినుంచి వచ్చేవి?

మామ: యాడినుంచో ఎందుకొస్తాయి? హార్స్‌లీ కొండ కింద పల్లెలోళ్లే మోసుకొచ్చేవాళ్లు. తలుపు తీసేలోపల గడప ముందర మూటలుండేవి. ఒక్కో కొమ్ము నా మణికట్టంత లావు.

అక్క: ఆ తర్వాత?

మామ: పుంగనూరు పక్కనుంచి. ఆనక పలమనేరు కొండల్నుంచి.

అక్క: ఇప్పుడు?

మామ: ఇప్పుడు కుప్పం పోతా ఉండాం కదా.

అక్క: కుప్పంలో షావుకారు కూడా ఆ పక్క తమిళ కొండల్నుంచి తెప్పించి పెడతా ఉండాడని నువ్వే చెప్పినావు. ముప్పై ఏళ్లలో కొమ్ము నూరు కిలోమీటర్లకు పైన ఎనక్కి పోయింది మామా. నాకు వేరే లెక్కలు అక్కర్లేదు. నువ్వెక్కిన ఈ బస్సే సాక్ష్యం.

మామ కాసేపు మాట్లాడలేదు. టికెట్టును వేలికి చుట్టుకుంటూ బయటికి చూశాడు. ఆయన మొండివాడు కాడు. తన కళ్లముందు జరిగిందాన్ని మరొకరు వరసగా పేర్చి చూపేదాకా ఎవరికైనా అది వరసగా కనబడదు. కానీ ఆయన దగ్గర జవాబు లేకపోలేదు.

మామ: సరే, తగ్గింది. తవ్వినందుకే తగ్గిందా? కొండకు ఏటా నిప్పు పెడ్తా ఉండారు, అది లేదా? కుప్పం పక్క పచ్చరాయి గ్రానైటుకు ఎన్ని గుట్టలు కోసినారు? గుట్టే లేకుండా పోతే నీ పొద యాడ మొలుస్తాది? రాయిని కోసేవాడికి లైసెన్సు ఉండాది. గడ్డపార పట్టుకున్న ముసిలాయన్నే అందరూ దొంగ అంటారు.

అక్క: ఆ మాట నిజమే. దాన్ని నేను కాదనను. 

మామ: కాదనకపోతే వినుకో. ఈ కొమ్ముకు రేటు ఉండబట్టే ఆ కొండ మీద ఏదో ఉండాదని మనుషులకు ఇంకా తెలుసు. మా అంగళ్లు లేకపోతే దాని పేరు చెప్పేదానికి నీ పుస్తకం తప్ప ఏముండాది? హార్స్‌లీ కొండ మీద నీలగిరి చెట్టుంది. యాడో పరాయి దేశం చెట్టు. దానికి కల్యాణి అని పేరు పెట్టుకున్నాం, వచ్చినోళ్లకంతా చూపిస్తాం. మన కొండలోనే పుట్టిన దీన్ని చూపించేవాడు ఒక్కడు ఉండాడా? ఎండలో గొంతు తడుపుకోను వచ్చినోడికి నన్నారి అని పేరైనా చెప్పేది నేను.

అక్క: పేరు చెప్తావు. పువ్వు చూసినావా?

మామ: ఏం పువ్వు?

అక్క: దాని పువ్వు. ముప్పై ఏళ్లుగా దాని వేరు చేతిలో పట్టుకొని ఉండావు. అది ఎట్లా పూస్తాదో చూసినావా?

మామ చూడలేదు. నేనూ చూడలేదు. షర్బత్ తాగిన మనలో ఎందరు చూశారో పాఠకులు తమను తాము అడిగి చూడవచ్చు. నాకు ఈ వాదన అంతటిలోకీ బరువైన ప్రశ్న ఇదే అనిపించింది. మల్లెను పువ్వుతో ఎరుగుదుం, మామిడిని పండుతో ఎరుగుదుం. తవ్వి తెచ్చిన వేరుతోనే ఎరిగిన మొక్కను చచ్చిన తర్వాతే ఎరుగుదుం.

అక్క చెప్పింది: చిన్నచిన్న లేతరంగు పూలు, గుత్తులుగా వస్తాయి. ఎండాకాలంలోనే చిగురు, చిగురు వెంటనే పూత, పూత వెంటనే పిందె. కాయలు ఎద్దు కొమ్ముల్లా జతలు జతలుగా ఉంటాయి. ఎండి పగిలితే లోపల గింజ గింజకూ పట్టులాంటి తెల్లని కుచ్చు ఉంటుంది, జిల్లేడు గింజకు ఉన్నట్టు. గాలికి ఎగిరిపోతాయి.

అక్క: ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పువ్వును పట్టుకొని పరిశోధన చేసి 2009లో అచ్చేసినారు. ఒక పొద పుప్పొడి అదే పొదకు పనికిరాదు. ఇంకొక పొదనుంచి రావాల. తెచ్చేది ఒక చిన్న పురుగు. పూలు ఎన్ని పూసినా కాయ నిలిచేది బాగా తక్కువ. ఇప్పుడు ఆలోచించు మామా. ఒక గుట్టలో పది పొదలుంటే తొమ్మిది తవ్వేసినారు అనుకో. మిగిలిన ఒక్కటి బతికే ఉంటాది, పచ్చగానే ఉంటాది, ఏటా పూస్తానే ఉంటాది. కాయ మాత్రం కాయదు. చూసేవాడికి మొక్క ఉన్నట్టే. నా లెక్కలో ఆ గుట్టకు అది పోయినట్టే.

మామ: అంటే ఒక్కటి వదిలినా లాభం లేదంటావు.

అక్క: ఒంటిదాన్ని వదిలితే లేదు. 

పుంగనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. మామ దిగి మూడు టీలు తెచ్చాడు. ఎక్కేటప్పుడే ఆయన ముఖం చూస్తే కొత్త మాట దొరికిందని తెలిసింది.

మామ: ఈ ఊరి ఆవు సంగతి చెప్పు నాకు. మూడడుగులు కూడా లేని పొట్టి ఆవు. నా చిన్నప్పుడు పుంగనూరు ఆవు అంటే ఎవరికీ అక్కర్లేదు, జాతి అంతమైపోయిందనుకున్నారు. పలమనేరు పశువుల పరిశోధన కేంద్రంలో నాలుగు మిగిలించి పెంచినారు. ఇప్పుడు దాని రేటు వింటే కళ్లు తిరుగుతాయి. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంట్లో మేత తింటా ఉండే ఫొటో దేశమంతా చూసింది. ఏం కాపాడింది దాన్ని? మనుషులు కావాలనుకోవడం కాపాడింది. రేటు కాపాడింది. నన్నారికి కూడా అంతే. కావాలనేవాళ్లు ఎక్కువైతేనే బతుకుతాది.

అక్క: ఆవుకు రేటొస్తే కొన్నోడు ఏం చేస్తాడు మామా?

మామ: ఇంటికి తోలుకుపోయి సాక్కుంటాడు.

అక్క: ఈనితే దూడను కూడా సాక్కుంటాడు. కొమ్ముకు రేటొస్తే కొన్నోడు ఏం చేస్తాడు?

మామ: ...

అక్క: మరిగిస్తాడు. ఆవు రేటు ఆవును పెంచింది. వేరు రేటు వేరును పెరికింది. నువ్వు చెప్పిన ఉపమానం నాకూ ఇష్టమే, కాని అది ఎప్పుడు కుదురుతాదంటే నన్నారిని ఎవరన్నా తోలుకుపోయి సాకినప్పుడు. మడిలో పెట్టినప్పుడు.

మామ: మడిలో! మదనపల్లె రైతుతోనా ఈ మాట? టమోటా మూన్నెల్ల పంట. 2023లో కిలో 200 దగ్గరికి పోయింది, ఇంకో ఏడు కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసినారు. మూన్నెల్లు కూడా నమ్మకం లేని రైతును మూడేండ్లు నాలుగేండ్లు వేరు ఊరేదాకా ఉండమంటావా? నారు ఎవరిస్తారు? నేను అడగలేదనుకుంటావా? రెండు నర్సరీల్లో అడిగినా. ఒకరు సుగంధిపాల తీగ ఇచ్చినారు. ఇంకొకరు మారేడంటే పూజమారేడు తెచ్చి చేతిలో పెట్టినారు.

ఇక్కడ అక్క దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెప్పింది. కొమ్మ నాటితే వేరు తొడగడం కష్టం. గింజ మొలుస్తుంది గాని ఎక్కువకాలం నిల్వ ఉండదు, పగిలిన వెంటనే పట్టుకోవాలి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కణజాల వర్ధనంతో ప్రయోగశాలలో మొక్కలు పెంచే పద్ధతి కనిపెట్టి ఇరవై ఏళ్లయింది. ఆ సీసాలోని మొక్క మన చేను గట్టుకు ఇంకా రాలేదు. నా మట్టుకు నాకు ఇది శాస్త్రం లోపంగా తోచదు. అరటికి, చెరకుకు అదే పద్ధతిలో లక్షల మొక్కలు వస్తున్నాయి, అడిగేవాళ్లు ఉన్నారు గనుక. ఈ వేరు అడవిలో ఊరికే దొరుకుతున్నంతకాలం నారు కొనేవాడు పుట్టడు. అడవిలో అయిపోయిన రోజున నారుకు గింజ ఉండదు.

పలమనేరు దాటాక రోడ్డు పక్కన అడవి దగ్గరైంది. 1980లలో తమిళనాడు వైపునుంచి ఏనుగులు ఈ అడవుల్లోకి వచ్చి నిలిచిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించింది వాటికోసమే. మామ ఆ చెట్లవైపు చెయ్యి చూపాడు.

మామ: ఆ లోపలికి పోయి తవ్వుకొచ్చేవాళ్లను నేను చూసినా. మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోతారు. ఒకరు తవ్వుతా ఉంటే ఒకరు ఏనుగు వస్తాదేమోనని చూసుకుంటా ఉండాల. బండ సందులో గడ్డపార దిగదు, పొద్దంతా పొడిస్తే ఒక మూట. గార్డు చూస్తే అదీ పోతాది. నువ్వు వద్దనే కొమ్ము వాళ్ల ఇంట్లో ఆ రోజు బియ్యం. యానాదులకు ఈ కొమ్ము తాతల నాటి ఎరుక. వాళ్లతో పోయి చెప్పగలవా ఈ పువ్వు సంగతి?

అక్క: వాళ్లతో చెప్పాల్సింది నేను కాదు మామా. వాళ్లే నాకు చెప్పినారు. పాతకాలం తవ్వేవాళ్లు పొద మొదలు పెరికేవాళ్లు కాదంట. చుట్టూ మన్ను తీసి, లావు కొమ్ములు రెండు మూడు కోసి, మొదలుకు మళ్లీ మన్ను కప్పి, ఆ గుట్టవైపు కొన్నేండ్లు పోయేవాళ్లు కాదు. ఇప్పుడు ఎందుకు అట్లా చేయరని అడిగినా. నేను మన్ను కప్పి వస్తే ఎనకనే ఇంకొకడొచ్చి పెరుక్కుపోతాడు, అందుకని నేనే పెరుకుతా అన్నాడు ఒక పెద్దాయన. ఆయన తప్పు చేస్తా ఉండాడని నేను అనలేను. ఆ గుట్ట ఆయనది కాదు అని మనం చెప్పినాం. ఆయనది కానిదాన్ని ఆయనెందుకు దాచిపెడతాడు?

మామ: అడవి వాళ్లదని చట్టం వచ్చింది కదా.

అక్క: 2006లో వచ్చింది. అడవిలో దొరికేదాన్ని ఏరుకొని అమ్ముకునే హక్కు ఉండాది. అదే చట్టంలో అడవిని, అందులోని జీవాల్ని కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చినారు. మొదటి సగం గురించే అందరం మాట్లాడతాం. ఈ కొండకు ఈ యేడు సెలవు అని చెప్పే అధికారం ఆ పెద్దాయన ఊరికి ఉండాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తిరుపతిలో వేదవతి గారు యానాదుల మందుమొక్కల మీద పనిచేసినారు. ఈ పానీయం తాలూకు మొక్కే ప్రమాదంలో పడిందని 2004లోనే రాసినారు. ఇరవై ఏళ్లు దాటింది.

మామ: గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి షర్బత్ అమ్ముతాది. సర్కారుదే అమ్మేటప్పుడు నాది ఒక్కటే తప్పెట్లా అవుతాది?

అక్క: నీది తప్పని అనలేదు అంటా ఉండా కదా. వాళ్లనూ అడగాల, నిన్నూ అడగాల. నిన్ను ముందు ఎందుకు అడుగుతా ఉండానంటే నువ్వు నా మామవు.

మామ నవ్వాడు. బస్సెక్కాక అదే మొదటి నవ్వు. వి.కోట వచ్చేదాకా ఇద్దరూ ఎసెన్సు గురించి వాదించుకున్నారు. ఈ వేరు వాసనకు మూలమైన పదార్థం వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కు సోదరి. రెండింట్లోనూ అవే పరమాణువులు అవే లెక్కన ఉంటాయి, అమరిక ఒక్కటే తేడా. దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయవచ్చు. అది వాడితే కొండ బతుకుతుంది కదా అని అక్క అంది. ఆమె ఆ మాట గట్టి నమ్మకంతో అన్నట్టు నాకు అనిపించలేదు. మామ మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మామ: ఎసెన్సు తాగినోడికి కొండ అక్కరే ఉండదమ్మా. నువ్వే అంటివి, పువ్వు చూడలేదు అని. ఇంక వేరు కూడా చూడడు. అప్పుడు ఆ గుట్టను రాయికి ఇచ్చేస్తే అడిగేవాడు ఎవడు?

ఇది మామ చెప్పినవాటిలోకెల్లా నన్ను పట్టుకున్న మాట. నేను అక్క పక్షమే. అయినా ఈ ప్రశ్నకు అక్క దగ్గర జవాబు ఉందని చెప్పలేను. 

మామ: ఇంకొకటి. నీ ఒళ్లో సీసా ఏంది?

అక్క చేయి సీసా మీదే ఉంది. అది ఆ వేరు ఊరగాయే. పొట్టు గీకి, నడిమి ఈనె తీసేసి, సన్నగా తరిగి, ఉప్పేసిన పెరుగులో నిమ్మరసం, కారం, ఆవపొడి కలిపి ఊరబెడతారు. కుప్పం చుట్టుపక్కల ఇళ్లలో పెరుగన్నంలోకి ఇది ఉంటే వేరే కూర అడగరు. కొత్తవాళ్లు మూత తీయగానే నల్లివాసన అని మొహం తిప్పుకుంటారు. అలవాటైనవాళ్లు ఆ వాసనకే ఇల్లు గుర్తొచ్చి కళ్లు తడుపుకుంటారు. కన్నడంలో మాకళి, తమిళంలో మాగాళి. మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూల మూడు భాషల్లోనూ దానికి పేరుంది. మూడు భాషల్లోనూ ఆ పేరు సీసాలో ఉన్నదానికే.

అక్క: అమ్మ పెట్టింది. వద్దనలేకపోయినా మామా. ఇది తప్పే. ఇంకో యేటికి వద్దని అమ్మకు చెప్పాల. చెప్పేది నాకు చాతనౌతాదో లేదో కూడా తెలీదు. నాకు జొరం వస్తే ఇది లేకుండా అన్నం దిగదు. నీకంటే నేను ఎక్కువేం కాదు.

మామ ఆ తర్వాత ఆమెను దాని గురించి ఒక్క మాట అనలేదు.

కుప్పంలో దిగి షావుకారు కొట్టుకు నడిచాం. అక్క కాలేజీకి పోకుండా మాతోనే వచ్చింది. కొట్టు వెనక చీకటి గదిలో కొమ్ములు గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. తలుపు తీస్తే వాసన మొహానికి కొట్టింది. మామ ఒక కట్ట విప్పాడు. పైన పేర్చినవి బొటనవేలంత లావున్నాయి. లోపలివి చిటికెనవేలంత. రెండింటికి చివర ఆకుపచ్చ మొదలు, దానికి కొత్తగా పగిలిన చిగురు అలాగే ఉన్నాయి. చిగురు ఇంకా వాడలేదు.

మామ వాటిని పక్కన పెట్టాడు. ఇంకో కట్ట విప్పాడు. అదీ అంతే.

మామ: ఇవి పసివి కదప్పా. వీటిలో రసమేం ఉంటాది?

వచ్చేవి ఇవే అన్నాడు షావుకారు. వద్దంటే వదిలేయమన్నాడు, సాయంత్రానికి బెంగుళూరు బండి వస్తుందని, వాళ్లు లావూ సన్నమూ చూడరని అన్నాడు.

మామ అక్కవైపు చూశాడు. అక్క ఏమీ అనలేదు. చాలాసేపు ఆ చిగురున్న మొదళ్లను వేళ్లతో తడుముతూ నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా అదే గదికి వచ్చి, తూకం వేయించి, డబ్బు కట్టి వెళ్లిన మనిషి, ఆ రోజు ఒక కొత్త ప్రశ్న అడిగాడు.

మామ: ఇవి ఏ కొండవి? తెచ్చినోళ్లది ఏ ఊరు?

షావుకారు వెంటనే చెప్పలేదు. మామ మళ్లీ అడిగాడు. సరిహద్దు అవతల ఒక పల్లె పేరు చెప్పాడు. బస్సు మూడింటికి ఉందన్నాడు. మామ ఖాళీ సంచులు మళ్లీ మడతపెట్టి చంకలో పెట్టుకుని, నువ్వు కూడా వస్తావా అని అక్కను అడిగాడు.